మూగకకారము: ఒక ఆంగ్లక్రియ పుట్టుపూర్వోత్తరములు



ఎవరి సంస్మరణార్థము ఈ యుపన్యాసనిధి యేర్పడినదో ఆ పెద్దలు వృత్తిచేత న్యాయవాదులు, ప్రవృత్తిచేత శబ్దజిజ్ఞాసువులు. పగలు న్యాయస్థానమున సాక్షుల నడ్డుప్రశ్నలతో వేధించి, రాత్రులందు నిఘంటువులను ముందఱ పెట్టుకొని పదములను సైతము అదే తీరున ప్రశ్నించుచుండెడివారని వారిని దగ్గఱగా చూచినవారు చెప్పుకొనుట నేను వినియుంటిని. అట్టివారి పేర నెలకొన్న యీ వేదికపై నిలిచి, భాషల మహాచరిత్రను గుఱించి గంభీరసామాన్యవాక్యములు పలుకుట కంటె, ఒక్క పదమును, అదియును మన పిల్లలెల్లరు నోటికి తెచ్చుకొను ఒక చిన్నపదమును, బోనెక్కించి విచారించుట వారికి ప్రీతికరమై యుండునని తోచినది. ఆ పదము ఆంగ్లమున 'ఎఱుగుట' యను నర్థము గల 'నో' అను క్రియ.

మన పాఠశాలలలో 'కె యెన్ ఓ డబ్ల్యు నో, నో అనగా తెలియుట' అని వల్లెవేయుచు పెరుగని ఆంగ్లవిద్యార్థి లేడు. నాలుగక్షరముల పదమున మొదటి యక్షరము పలుకబడదు, కడపటి యక్షరము తన ధ్వనిని ఎన్నడో కోల్పోయి ముందున్న అచ్చులో లీనమైనది. పిల్లవాడు 'ఈ కె యెందులకు?' అని యడిగినచో ఉపాధ్యాయుడు 'అది మూగది, సైలెంటు' అని చెప్పి ముందునకు సాగిపోవును. ఆ సమాధానము తప్పు కాదు, కాని మూగవాడెల్లప్పుడును పుట్టుమూగ కానక్కఱలేదు. ఈ కకారము ఒకప్పుడు చక్కగా మాటలాడినది. ఎప్పుడు మాటలాడినది, ఎప్పుడు నోరు మూసికొన్నది, మూసికొనియు తన చోటు ఖాళీ చేయక యెట్లు నిలిచినది, నిలిచి నేడు మనకేమి సాక్ష్యమిచ్చుచున్నది అనునవి నేటి విచారణాంశములు. లిపి యొక సాక్షి యనియు, సాక్షులలో సత్యవాదులున్నట్లే కూటసాక్షులు కూడ ఉందురు గనుక కంటబడిన ప్రతి మూగయక్షరమును నమ్మరాదనియు, నమ్మకుండ తీసివేయనురాదనియు నా యభిప్రాయము. దానికి ఈ పదమును దీని చుట్టపక్కములును ఆధారములు.

ప్రాచీనాంగ్లభాషలో ఈ క్రియరూపము 'క్నావన్'. తఱచుగా దానికి ముందు 'యె' అను నుపసర్గ చేరుచుండెను. గుఱుతుపట్టుట, చూచి పోల్చుకొనుట దాని ముఖ్యార్థము. ఆ కాలమున లేఖకులు 'సి' యను నక్షరముతో కకారమును వ్రాయుచుండిరి. నార్మను ఫ్రెంచివారు 1066లో ఇంగ్లండును జయించిన పిమ్మట వారి లేఖనసంప్రదాయము ప్రబలి, కొన్ని స్థానములందు 'సి'కి బదులు 'కె' వచ్చినది. 'క్నావన్'లోని దీర్ఘాకారము దక్షిణాంగ్లమున క్రమముగా ఓకారమై 'క్నోవెన్' అయినది. స్కాట్లండునందును ఉత్తరప్రాంతములందును మాత్రము ఆ మార్పు రాలేదు, అచ్చట 'క్నా' వంటి రూపమే చిరకాలము నిలిచినది. కడపటి 'డబ్ల్యు' వకారమునకు గుఱుతు. 'బ్లో, త్రో, క్రో, మో, సో' అను క్రియల తుదనున్న డబ్ల్యు కూడ ఇట్టిదే. వీనిలో కొన్ని భూతకాలమున 'బ్లూ, త్రూ' అయినట్లే ఇది 'న్యూ' అగుచున్నది. కావున 'నో'కు భూతరూపము క్రమము తప్పినదని వ్యాకరణపుస్తకములు పట్టికలలో వేసి పిల్లలను బెదరించుచున్నవి గాని, అది వెయ్యేండ్లనాటి యొక క్రమమునకు కట్టుబడియే నడచుచున్నది.

కకారము ఆనాడు స్పష్టముగా వినబడుచుండెను. మోకాటికి పేరయిన 'నీ', వీరభటునకు పేరయిన 'నైట్', కత్తికి పేరయిన 'నైఫ్' మొదలగు పదములన్నిటను అంతే. ఇంగ్లీషువారికి దాయాదులయిన జర్మనులు నేటికిని మోకాటిని 'క్నీ' యనియే పలుకుదురు. ఆంగ్లమున రాజుచే బిరుదు పొందిన 'నైట్' జర్మనుభాషలో 'క్నెహ్ట్' అను పేర పాలేరుగానే మిగిలిపోయినాడు. ఒకే తల్లి బిడ్డలలో ఒకడు గుఱ్ఱమెక్కెను, ఒకడు గుఱ్ఱమునకు గడ్డి కోయుచున్నాడు. కాని నోరు తిరిగినవాడు పాలేరే.

ఆంగ్లమున ఈ కకారము 17వ శతాబ్ది చివరిభాగమునుండి క్రమముగా బలహీనమై, 18వ శతాబ్దిలో శిష్టుల యుచ్చారణమునుండి పూర్తిగా తొలగినది. నాలుక వెనుకభాగము అంగిటి వెనుకను తాకి కకారము పుట్టించిన క్షణముననే నాలుకకొన దంతమూలమును తాకి నకారము పుట్టింపవలెను, పదాదియందు ఈ రెంటికి నడుమ ఊతగా అచ్చు లేదు. ఇట్టి యిబ్బంది తటస్థించినప్పుడు భాషలు సామాన్యముగా రెండు మార్గములలో నొకదానిని త్రొక్కును: నడుమ అచ్చును చొప్పించుట, లేదా ఒక హల్లును వదలుట. మన తెలుగు 'రత్నము'ను 'రతనము' చేసినది, 'యత్నము'ను 'జతనము' చేసినది. ఇది మొదటి మార్గము. 'స్నానము'ను 'తానము' చేసినది, ఇది రెండవది. ఆంగ్లము రెండవ మార్గమును పట్టినది. 'నా' (కొఱుకుట), 'నాట్' (దోమ వంటి పురుగు) అను పదములలోని ఆదిగకారమును కూడ అట్లే విడిచినది.

ధ్వని పోయినది గాని అక్షరము పోలేదు. అందులకు కారణము కాలవ్యత్యాసము. విలియం కాక్స్‌టన్ 1476లో వెస్ట్‌మిన్‌స్టరున ఆంగ్లదేశపు తొలి ముద్రాయంత్రమును నెలకొల్పినాడు. అప్పటికి కకారము నోటనున్నది, కనుక అచ్చులోనికి న్యాయముగా నెక్కినది. తరువాతి రెండు శతాబ్దులలో ముద్రాపకులు వర్ణక్రమమును క్రమక్రమముగా బిగించిరి, ఆ బిగింపు పూర్తియగు నాటికి నోటినుండి కకారము జాఱిపోవుచుండెను. శామ్యూల్ జాన్సన్ తన మహానిఘంటువును 1755లో వెలువరించునప్పటికి మూగకకారము అచ్చుతాతల ఆస్తివలె స్థిరపడినది. అమెరికాలో నోవా వెబ్‌స్టరు వర్ణక్రమసంస్కరణమునకు పూని, 1828లో ప్రకటించిన నిఘంటువున 'ఆనర్', 'కలర్' వంటి పదములనుండి 'యు' అను నక్షరమును తీసివేసెను. ఆయన సైతము ఈ కకారముజోలికి పోలేదు. ఆక్స్‌ఫర్డు నిఘంటువున కె యక్షరభాగము ప్రధానసంపాదకుడు జేమ్స్ మర్రే స్వయముగా కూర్చినది. ఈ మూగకకారపు పదముల చరిత్ర యచ్చట విస్తరముగా చూడవచ్చును.

ఇక ఈ సాక్షి చెప్పు సంగతి యేమి? 1786 ఫిబ్రవరి 2వ తేదీన కలకత్తాలో ఆసియాటిక్ సొసైటీ సభయందు సర్ విలియం జోన్స్ ప్రసంగించుచు, సంస్కృతము గ్రీకు లాటిన్ భాషలకు ఎంతయు దగ్గఱచుట్టమనియు, ఈ మూడింటికిని నేడు బహుశః లుప్తమైన యొక మూలభాష ఉండియుండుననియు, గాథికభాషయు ఆ వంశముదే కావచ్చుననియు ప్రకటించెను. పోలిక చూపుట తేలిక, నియమము చూపుట కష్టము. ఆ నియమమును డెన్మార్కుదేశీయుడు రాస్మస్ రాస్క్ 1818లో ప్రకటించిన గ్రంథమున గుర్తించినాడు, జర్మనీదేశీయుడు యాకొబ్ గ్రిమ్ 1822లో తన వ్యాకరణపు రెండవ కూర్పున సమగ్రముగా నిరూపించినాడు. దాని యొక భాగము మన ప్రకృతమునకు వచ్చును: లాటిన్ గ్రీకులలో గకారమున్నచోట జర్మానిక భాషలలో కకారముండును, అందొక తెగ పదములలో సంస్కృతమున జకారముండును.

మోకాలు సంస్కృతమున జాను. చేతులు మోకాళ్లదాక సాగినవానిని ఆజానుబాహుడనుచున్నాము గదా. అది లాటిన్‌లో 'గెను', ఆంగ్లమున వెనుకటి 'క్నీ'. పుట్టుట యను నర్థమున సంస్కృతధాతువు జన్. లాటిన్‌లో వంశమునకు 'గెనుస్'. ఆంగ్లమున చుట్టఱికమునకు 'కిన్'. ఎఱుగుట యను నర్థమున సంస్కృతమున జ్ఞా; గ్రీకున 'గిగ్నోస్కో'; లాటిన్‌లో ప్రాచీనరూపము 'గ్నోస్కో'; ఆంగ్లమున 'క్నో'. ఇందు 'క్నో' అను రూపమునుండి కకారమును తొలగించి 'నో' అని మాత్రము వ్రాసియుండినచో, కేవలము నేటి చెవిని నమ్మి విచారించువానికి ఈ క్రియ జ్ఞాధాతువునకు తోబుట్టువను సంగతి ఒక్కచూపున తట్టియుండెడిది కాదు. జకారమునకు ఎదురుగా కూర్చుండవలసిన యక్షరము తన యాసనమునందే యున్నది, మాట మాత్రము పలుకదు.

ఈ వంశము పశ్చిమమునకే పోలేదు. పారసీకమున ఎఱుగుట 'దానిస్తన్'. సంస్కృతమున జకారమయిన యీ ప్రాచీనధ్వనియే ప్రాచీనపారసీకమున దకారమైనది. తెలంగాణమున ఉర్దూ పలుకువారు అమాయకుని 'నాదాన్' అందురు. 'నా' యనగా లేదు, 'దాన్' యనగా ఎఱిగినవాడు, వెరసి మన 'అజ్ఞాని'. రష్యనుభాషలో 'జ్నాత్', ఆ జకారము దంత్యము. హిందీవారి 'జాన్‌నా' సంస్కృతపు 'జానాతి' రూపమునకు వారసురాలు. గోలకొండ వీథిలో ఒకడు ఇంకొకని నాదాన్ అని పిలుచుటకును, లండను వీథిలో ఒకడు 'ఐ నో' అనుటకును మూలమున ధాతువొకటే. ఇది నాకు ఎన్నిసార్లు చూచినను వింతగనే యుండును.

ఇచ్చట మన నోటి సంగతి కొంత చెప్పవలసియున్నది. జ్ఞానము అను పదమున లిపిప్రకారము ఉన్నవి జకార ఞకారములు. తెలుగువాడు పలుకునది గకార నకారములకు చేరువైన ధ్వని. హిందీవాడు 'గ్యాన్' అనును, మహారాష్ట్రుడు దకారమువంటి ధ్వనితో మొదలుపెట్టును. లిపి యొకటి, పలుకుబడులు పెక్కు. కావున ఆంగ్లేయుని చూచి 'వ్రాయునది యొకటి, చదువునది యొకటి' యని నవ్వునప్పుడు మన జ్ఞకారమును కాస్త వెనుకకు దాచుకొనవలసియుండును. మఱియొక హెచ్చరిక. తెలుగువాని 'గ్నానము'ను గ్రీకుల 'గ్నోసిస్'ను ప్రక్కప్రక్కన పెట్టి, సంస్కృతమున పోయిన ఆదిమగకారము తెలుగునాలుకపై భద్రముగా నున్నదని సంబరపడువారిని నేనెఱుగుదును. అది చెవి చేసిన మోసము. మన గకారము సంస్కృతపు జ్ఞకారమును పలుకుటలో తరువాత కలిగిన మార్పే గాని వేలయేండ్లనాటి వారసత్వము కాదు. పోలిక కనబడినంతమాత్రమున బాంధవ్యము సిద్ధింపదు.

అట్లని తెలుగునకు ఈ కథలో నిజమైన పాలు లేకపోలేదు. అది తత్సమమయిన జ్ఞానశబ్దమున గాక తద్భవములలో నున్నది. విజ్ఞాపనసంబంధియైన పదము ప్రాకృతముమీదుగా మనకు వచ్చి 'విన్నపము' అయినది. ప్రతిజ్ఞ 'ప్రతిన' అయినది. ఆజ్ఞ 'ఆన' అయినది. సంజ్ఞ 'సన్న' అయినది, కనుసన్నయనునది ఇదియే. ఈ నాలుగింటను ఉన్నది జ్ఞాధాతువే. (యజ్ఞము 'జన్నము' అగుట ఇట్టి మార్పే గాని అందలి ధాతువు వేఱు.) ఏమి జరిగినదో చూడుడు: జకారము పోయినది, అనునాసికము మిగిలినది. ఆంగ్లమున కకారము పోయి నకారము మిగిలినట్లే. ఒకే ధాతువు ఒకదాని నొకటి యెఱుగని రెండు దేశములలో, వేఱువేఱు కాలములలో, ఒకే తెఱగున ఆదిహల్లును కోల్పోయినది. భేదమెచ్చటననగా, ఆంగ్లేయుడు పోయినదాని పేరు తలుపుమీద అట్లే యుంచినాడు, మనవారు తద్భవములలో పలికినట్లే వ్రాసికొనిరి. అయినను 'విన్నపము', 'సన్న' అను వానిలోని ద్విత్వనకారమున పోయినవాని జాడ కొంత మిగిలియే యున్నది. 'ప్రతిన', 'ఆన' అను వానిలో నది కూడ లేదు.

లాటిన్‌భాషలోను ఇదే జరిగినది. 'గ్నోస్కో' కాలక్రమమున 'నోస్కో' అయినది. కాని ముందొక అచ్చు చేరినచో ఆ గకారము నిలిచినది, 'కోగ్నోస్కో' అందులకు నిదర్శనము. సంయుక్తములోని మొదటి హల్లు ముందటి యచ్చును ఆనుకొనుటవలన దానికి ఊత దొరకినది. సరిగా ఇట్లే ఆంగ్లమున 'నో' అనునప్పుడు వినబడని కకారము, అంగీకరించుట, ఒప్పుకొనుట యను నర్థము గల 'అక్‌నాలెడ్జ్' అను పదమున నేటికిని వినబడుచున్నది. మన కార్యాలయములలో తపాలా అందినదని సంతకము చేయించుకొను 'అక్నాలెడ్జిమెంటు' కాగితమును పలుకునప్పుడెల్ల మన గుమాస్తాలు లండనువారు 'నో' అనునప్పుడు వదలివేసిన కకారమును పలుకుచున్నారు.

ఇప్పుడు కూటసాక్షిని పిలిచెదను. 'నో'కు సోదరక్రియ యొకటి కలదు, అది 'కాన్', అనగా చేయగలుగుట. ప్రాచీనాంగ్లమున 'కున్నన్' అని దాని రూపము, దాని మొదటి యర్థము కూడ ఎఱుగుటయే. ఎఱిగినవాడు చేయనేర్చినవాడగును, నేర్చినవాడు చేయగలవాడగును. తెలుగున 'ఈత తెలుసునా?' యనినచో ఈదగలవా యనియే గదా యర్థము. ఆ క్రియ భూతరూపము 'కూదె', తరువాత 'కూద్'. అందు లకారము ఎన్నడును లేదు. పలుకుటలో లేదు, వ్రాతలో లేదు, మూలధాతువునను లేదు. అట్లుండ 'వుడ్', 'షుడ్' అను రెండు సహాయక్రియలు దాని ప్రక్కన నుండెను. అవి 'విల్', 'షల్' అను వానినుండి పుట్టినవి గనుక వానిలో లకారము న్యాయముగా కలదు. ఆ లకారము పలుకుబడినుండి జాఱిపోగా, మూడు పదములును ఒక్కతీరుగ వినబడసాగెను. అంత 15, 16 శతాబ్దుల లేఖకులు, ఇరుగుపొరుగులకున్న యాభరణము దీనికేల లేకపోవలెనని, 'కుడ్' అను పదమున కూడ లకారమును చొప్పించిరి. నాటినుండి నేటివఱకు ఆంగ్లబాలుడు గాని ఆంధ్రబాలుడు గాని ఎన్నడును పుట్టని యొక యక్షరమునకు పిండప్రదానము చేయుచున్నాడు.

ఎంత విచిత్రము! ఒకే ధాతువునుండి పుట్టిన రెండు క్రియలలో, ఒకదానియందు మూగయక్షరము నిజము చెప్పుచున్నది, రెండవదానియందు అబద్ధము చెప్పుచున్నది. కంటికి రెండును ఒకటియే. ఏది సత్యమో తెలియవలెనన్న ప్రాచీనలిఖితములను తిరుగవేయవలెను, సోదరభాషల నడుగవలెను, ఇతరమార్గము లేదు. ద్వీపమునకు పేరైన 'ఐలండ్' అను మాటలోని సకారము కూడ ఇట్టి దొంగదే. పాండిత్యప్రకర్షకై చేర్చిన యక్షరములు మన దేశమున మాత్రము లేవా? 'బాధ' అను పదమున వత్తు తప్పుచోట నుంచి 'భాద' యని వ్రాయువారిని, అర్ధానుస్వారము లేనిచోట సున్నను చుట్టి గ్రాంథికము వ్రాసితిమని తృప్తిపడువారిని చూచుచునే యున్నాము.

'కాన్' సంతతిని విడువకముందు రెండు మాటలు. 'కన్నింగ్' అను పదమునకు ఒకప్పుడు ఎఱిగినవాడు, నేర్పరి యని గౌరవార్థమే. క్రమముగా అది జిత్తులమారి యని దిగజాఱినది. మన 'జాణ' శబ్దమును ప్రాకృతముమీదుగా ఈ జ్ఞాధాతువునుండియే వచ్చినది. నేర్పరియను నర్థముతో మొదలై, పలుకువాని కంఠస్వరమునుబట్టి మెప్పునకును ఎత్తిపొడుపునకును సమానముగా పనికివచ్చుచున్నది. తెలివి గలవానిని లోకము కొంత అనుమానముతో చూచుట ఉభయదేశములకును సామాన్యమే కాబోలు. 'అన్‌కూత్' అనగా నేడు మొరటువాడు, మొదట కేవలము తెలియనివాడు. 'కిత్ అండ్ కిన్' అను జంటపదమున 'కిత్' జ్ఞాధాతుసంబంధి, 'కిన్' జన్‌ధాతుసంబంధి. ఎఱిగినవారును పుట్టుచుట్టములును అని దాని యక్షరార్థము. జంట కుదిర్చినవారికి ఈ సంగతి తెలియదు గాని, కూర్పు సంస్కృతజ్ఞులు చేసినట్లే యున్నది.

ప్రాచీనాంగ్లమున ఎఱుకకు మూడు క్రియలుండెను: పోల్చుకొనుటకు 'క్నావన్', నేర్చియుండుటకు 'కున్నన్', సంగతి తెలిసియుండుటకు 'విటన్'. ఈ కడపటిది సంస్కృతపు విద్ ధాతువునకు సోదరము. చూచుట దాని మూలార్థము, లాటిన్‌లో 'విదేరె' యనగా నేటికిని చూచుటయే. సంస్కృతమున 'వేద' యను క్రియారూపమునకు 'నే నెఱుగుదును' అని యర్థము. గ్రీకున 'ఓయ్ద', ప్రాచీనాంగ్లమున 'వాట్' దానికి సరియైన ప్రతిరూపములు. చూచియుంటిని గనుక ఎఱుగుదును అని ఈ మూటి యంతరార్థము. సాక్షికి ఆంగ్లమున 'విట్‌నెస్' అను పేరు ఈ 'విటన్'నుండియే వచ్చినది. మన సాక్షిశబ్దమున అక్షి, అనగా కన్ను, ఉన్నది. న్యాయవాదులు దస్తావేజులలో అనగా అను నర్థమున వాడు 'టు విట్' అను జోడుమాటలో ఆ పాతక్రియ ఇంకను కొనయూపిరితో నున్నది. జర్మనులు 'విస్సెన్, కెన్నెన్' అను రెంటిని, ఫ్రెంచివారు 'సవ్వార్, కొనేత్ర్' అను రెంటిని వేఱువేఱుగా కాపాడుకొనుచుండగా, ఆంగ్లేయులు 'విటన్'ను పోగొట్టుకొని 'కున్నన్'ను సహాయక్రియగా మార్చి, మొత్తము ఎఱుకభారమును 'నో' అను నొక్కదాని నెత్తిన పెట్టిరి. హీబ్రూమూలము ననుసరించి బైబిలు ననువదించినవారు దాంపత్యసంగమార్థమును కూడ దానికే అంటగట్టిరి. ఆ యర్థమున మన బైబిలనువాదకులు ఒకచోట కూడుట యనియు మఱియొకచోట ఎఱుగుట యనియు వాడియుండుట శ్రద్ధగా చదువువారికి కనబడును.

జ్ఞాధాతువు లాటిన్ ఫ్రెంచి ద్వారములవెంట మఱల ఆంగ్లములో ప్రవేశించి పెంచిన సంతానము పెద్దది. ప్రసిద్ధుడను నర్థమునుండి కులీనుడను నర్థమునకు వచ్చిన 'నోబుల్', పరిచయమునకు 'అక్వెయింట్', గుర్తుపట్టుటకు 'రికగ్నైజ్', లక్ష్యపెట్టకుండుటకు 'ఇగ్నోర్' అందలివి. అన్నిటిని చెప్పుటకు తీఱిక లేదు. ఒక్కదానిని మాత్రము, స్మరింపబడు పెద్దలు న్యాయవాదులగుటచేత, విడువలేకున్నాను. 'ఇగ్నొరామస్' అనునది లాటిన్ క్రియాపదము, 'మే మెఱుగము' అని యర్థము. నేరారోపణపత్రమునకు చాలిన యాధారము లేదని తోచినప్పుడు ఆంగ్లదేశపు గ్రాండుజూరీ ఆ పత్రపు వెనుక ఈ మాటను వ్రాసి పంపుచుండెడిది. 1615లో జార్జి రగిల్ అను నతడు ఈ పేరితో లాటిన్‌భాషలో ఒక ప్రహసనమును రచింపగా కేంబ్రిడ్జిలో ఒకటవ జేమ్సు రాజు ఎదుట దానిని ప్రదర్శించిరి. అందు హాస్యపాత్రము అజ్ఞానియైన యొక న్యాయవాది. ఆనాటినుండి ఉత్తమపురుష బహువచనక్రియ కాస్త మూఢునకు నామవాచకమై కూర్చున్నది. తమకు తెలియదని నిజాయితీతో వ్రాసిన జూరీల మాట తిట్టుగా మాఱుట న్యాయమో కాదో న్యాయవాదులే చెప్పవలెను.

కడపట మన యింటి క్రియను చూతము. తెలుగున ఎఱుకకు ముఖ్యముగా రెండు ధాతువులు: తెలియు, ఎఱుగు. మొదటిది స్వచ్ఛమగుట, తేటపడుట యను నర్థము గల తమిళపు 'తెళి'కి సోదరము. అందుచేతనే 'నాకు తెలియును' అనుచున్నాము. ఇందు నీరు తేఱినట్లు సంగతి తేఱుచున్నది, నేను చతుర్థీవిభక్తిలో కూర్చుండి చూచుచున్నాను. 'నే నెఱుగుదును' అనునప్పుడు మాత్రము కర్తృత్వము నాది. ఈ ఎఱుగు ధాతువునకు తమిళమలయాళములందు 'అఱి' యనియు, ప్రాచీనకన్నడమున 'అఱి' యనియు సోదరరూపములు కలవు. జ్ఞాధాతువుతో దీనికి సంబంధము లేదు. 1816లో మదరాసున అచ్చయిన క్యాంబెల్ తెలుగువ్యాకరణమునకు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ వ్రాసిన పీఠికలో తెలుగునకు మూలము సంస్కృతము కాదని, తమిళకన్నడములతో దానికి సగోత్రత కలదని ధాతువులను పట్టిక వేసి నిరూపించినాడు. గ్రిమ్‌నియమము వెలువడుటకు అది ఆఱేండ్ల ముందటి మాట.

ఎఱుగుధాతువు ప్రాచీనలేఖనమున రెండు సాక్షులు గల పదము. మొదటిది శకటరేఫము. నేడు మనము రకార ఱకారముల నొక్కతీరుగనే పలుకుదుము. కాని నన్నయనాటికి అవి వేఱు, ప్రాసస్థానమున వానికి మైత్రి లేదని లాక్షణికులు శాసించిరి. తమిళపు 'అఱి'లో నేటికిని ఆ ఱకారము నిలిచి మన ఱకారము సత్యమని ధ్రువపఱచుచున్నది. రెండవది అర్ధానుస్వారము: 'ఎఱుఁగు'. ఇందులకు తమిళసాక్ష్యము లేదు, అక్కడ అనునాసికము కనబడదు. అయినను మన కావ్యములలో 'ఎఱుంగు' అను నిండుసున్న రూపము ఛందస్సుచే బిగింపబడి యున్నది గనుక అరసున్న కూడ కల్పితము కాదు, ఒకప్పుడు తెలుగునోట పలికిన అనునాసికమునకు ఛాయ. ఇప్పటి మన అచ్చుపుస్తకములలో ఈ క్రియ 'ఎరుగు'. శకటరేఫము సాధురేఫమైనది, అరసున్న మాయమైనది. ఆంగ్లేయుడు తన ఎఱుకక్రియనుండి ఒక్క మూగయక్షరమును తీసివేయుటకు మూడువందల యేండ్లుగా చేయి రాక కూర్చుండగా, మనము మన ఎఱుకక్రియనుండి రెంటిని ఒక్కతరములో తీసివేసితిమి.

ఇందులకు నేను కన్నీరు కార్చువాడను గాను. పసిపిల్లవాని పలకమీద అరసున్నలు పెట్టించుట వలన వానికి కలుగు క్లేశమెంతయో, లాభమెంతయో తూచిచూచినవారికి గిడుగు రామమూర్తి పంతులుగారి వాదములోని బలము తెలియకపోదు. నేనును నా వ్రాతలో అరసున్నలను మానివేసి చాల కాలమైనది. శకటరేఫమును మాత్రము విడువలేకున్నాను, ఏలయన వేరు అనగా చెట్టువేరనియు, వేఱు అనగా భిన్నమనియు తెలియవలసిన చోట్లు నాకు తఱచుగా తగులుచుండును, శబ్దముల వేరులను వెదకువానికి అవి మఱింత తఱచు. పిల్లల పుస్తకములందు లేకున్నను, నిఘంటువులందును ప్రాచీనకావ్యముల కూర్పులందును ఈ రెండు గుర్తులును చెక్కుచెదరక యుండవలెనని నా కోరిక. తీసివేసిన యక్షరమును మఱల చేర్చుట సులభము కాదు. అన్ని యరసున్నలును సత్యవాదులు కావు గనుక, తరువాత చేర్చువాడు 'కుడ్'లో లకారమును చేర్చినవానివలె తోచినచోటనెల్ల చేర్చును.

ఈ యుపన్యాసమును అచ్చువేయింపబూనిన కార్యదర్శిగారు తమ ముద్రాలయమున అరసున్న అచ్చులు చాలినన్ని లేవని నాకు ముందే తెలియజేసిరి. అన్నిచోట్ల నక్కఱలేదు. 'ఎఱుఁగు' అని నేను ప్రత్యేకముగా ఉదాహరించిన యొక్కచోటనైనను, ప్రక్క ముద్రాలయమునుండి యెరువు తెచ్చియైనను, ఆ గుర్తు నుంచవలసినదని వారికి నా విన్నపము.